క్లారినెట్‌లో మోజార్ట్ అలా, జాజ్ ఇలా ఎందుకు వినిపిస్తాయి?

వరంగల్, హన్మకొండ, కరీంనగర్ వైపు పెరిగినవాళ్లకు క్లారినెట్ కొత్త కాదు. పెళ్లి బరాత్‌లో డ్రమ్ముల హోరు మధ్య పాట పల్లవిని అందుకునే నల్లటి గొట్టం అదే. పాత సినిమా పాటల్లో పల్లవికీ చరణానికీ మధ్య మెత్తగా సాగే బిట్లలోనూ అది చాలాసార్లు వినిపిస్తుంది. ఊళ్లలోకి డీజే బాక్సులు దిగాక బ్యాండ్ మేళాలు తగ్గాయి గానీ, ఆ గొంతు మీద ఇష్టం తగ్గలేదు. కాకపోతే ఇప్పుడు దాన్ని ఫోన్‌లో వెతుక్కుంటున్నారు.

చిక్కు అక్కడే మొదలవుతోంది. మంచి క్లారినెట్ సంగీతం కావాలని యూట్యూబ్‌లో వెతికితే రెండు రకాల జాబితాలు వస్తాయి. ఒకదాంట్లో యూరప్ క్లాసికల్ స్వరకర్తలు మోజార్ట్, వేబర్, బ్రామ్స్. ఇంకోదాంట్లో అమెరికా జాజ్ వాద్యకారులు సిడ్నీ బెషే, బెన్నీ గుడ్‌మన్, ఆర్టీ షా. రెండూ విన్నవాళ్లకు వచ్చే మొదటి అనుమానం, ఇది ఒకే వాయిద్యమేనా అని. ఒక చోట స్వరం మరక లేకుండా, నిటారుగా నిలబడుతుంది. ఇంకో చోట జారుతుంది, వణుకుతుంది, గరగరలాడుతుంది, ఉన్నట్టుండి కేకేస్తుంది. ఏది అసలైన క్లారినెట్ అనే వాదన కూడా దాని వెంటే వస్తుంది.

ఈ తేడాకు మూలం వాయించేవాళ్ల స్వభావంలోనో, దేశాల సంస్కృతిలోనో మాత్రమే లేదు. గొట్టం లోపల గాలి చేసే ఒక విచిత్రమైన పనిలో ఉంది. ఆ పని వల్ల క్లారినెట్‌కు ఒకటికి మించి గొంతులు వచ్చాయి. క్లాసికల్ సంప్రదాయం ఆ గొంతులను ఒకే మనిషి గొంతుగా కలపడానికి రెండు వందల ఏళ్లకు పైగా కష్టపడింది. జాజ్ వాటిని విడివిడిగానే ప్రేమించింది. ఇది అర్థమైతే, ఏ రికార్డింగ్‌లో ఏం వినాలో దానంతట అదే తెలుస్తుంది.

సన్నాయి కాదు, సాక్సాఫోన్ కూడా కాదు

బరాత్‌లో దూరం నుంచి చూసేవాళ్లు ఈ మూడింటినీ కలిపేస్తారు. సన్నాయిలో రెండు సన్నటి పీచు ఆకులు ఒకదానికొకటి తగులుతూ మోగుతాయి, గొట్టం పైనుంచి కిందికి పోనుపోను వెడల్పవుతుంది. సాక్సాఫోన్‌ను అడాల్ఫ్ సాక్స్ 1840లలో తయారుచేసి 1846లో పేటెంట్ తీసుకున్నాడు. దానిది ఇత్తడి ఒళ్లు, ఒకే రీడ్, గొట్టం మాత్రం సన్నాయిలాగే వెడల్పవుతూ పోయేదే. క్లారినెట్‌లోనూ ఒకే రీడ్ ఉంటుంది. కానీ గొట్టం చాలామేర ఒకే వెడల్పుతో సాగి, చివర గంట దగ్గర మాత్రమే విచ్చుకుంటుంది. ఒకే వెడల్పు అన్న ఈ ముక్కను గుర్తుంచుకోవాలి, మిగతా కథంతా దాని మీదే నడుస్తుంది.

రీడ్ అంటే అరుండో డోనాక్స్ అనే ఒక జాతి రెల్లును చీల్చి, చెక్కి చేసిన పలక. మౌత్‌పీస్‌కు దాన్ని పట్టీతో బిగిస్తారు. కొన దగ్గర దాని మందం సుమారు పదోవంతు మిల్లీమీటరు. గాలి ఊదినప్పుడు ఆ కొన మౌత్‌పీస్ నోటిని మూస్తూ తెరుస్తూ కొట్టుకుంటుంది, శబ్దం పుట్టేది ఆ కొట్టుకోవడంలోనే. రీడ్ గట్టితనాన్ని 2, 2½, 3 అంటూ నంబర్లతో చెబుతారు. మెత్తటిది తేలిగ్గా పలుకుతుంది గానీ పైస్వరాల్లో పల్చబడుతుంది. గట్టిది నిండుగా పలుకుతుంది, కానీ పెదవిని అలసిపోయేలా చేస్తుంది. వాయించే ముందు రీడ్‌ను నోట్లో పెట్టుకుని తడుపుతారు. మన మే నెల ఎండలో అది నిమిషాల్లో ఆరిపోతుంది, పల్చటి అంచు అలలు తిరుగుతుంది, అప్పుడు మంచి వాయిద్యం కూడా కీచుమంటుంది. బరాత్‌లో మధ్యమధ్య వినిపించే ఆ కీచు చాలాసార్లు వాయించేవాడి తప్పు కాదు.

ఈ వాయిద్యం పుట్టింది జర్మనీలోని న్యూరెంబర్గ్‌లో, 1700 ప్రాంతంలో. షాలుమో అనే పాత ఊదుడు వాయిద్యాన్ని యోహాన్ క్రిస్టోఫ్ డెన్నర్ మెరుగుపరిచాడు. పై స్వరాలు పలికించే కీ తోడవడంతో అది క్లారినెట్ అయింది. ఎడమచేతి బొటనవేలి దగ్గరుండే ఆ చిన్న కీ ఏం చేస్తుందన్నదే అసలు విషయం.

షడ్జమం నుంచి పంచమానికి దూకే గొట్టం

వేణువు తెలిసినవాళ్లకు ఒక సంగతి అనుభవంలో ఉంటుంది. వేళ్లు కదపకుండా కాస్త గట్టిగా, సన్నగా ఊదితే మధ్యస్థాయి షడ్జమం పోయి తారస్థాయి షడ్జమం వస్తుంది. అదే స్వరం, ఒక స్థాయి పైన. కంపనాల లెక్కలో రెట్టింపు. సాక్సాఫోన్‌లోనూ అంతే. అందుకే ఒక స్థాయికి వేళ్లు నేర్చుకుంటే పై స్థాయి చాలావరకు వచ్చేసినట్టే.

క్లారినెట్‌లో అలా జరగదు. బొటనవేలి కీ నొక్కితే షడ్జమం ఉన్న చోట తారస్థాయి పంచమం పలుకుతుంది. రెట్టింపు కాదు, మూడు రెట్లు.

లెక్క చూస్తే ఇలా ఉంటుంది. మామూలు బి ఫ్లాట్ క్లారినెట్‌లో అన్ని రంధ్రాలూ మూస్తే వచ్చే అట్టడుగు స్వరం సెకనుకు సుమారు 147 కంపనాలది. కీ నొక్కితే 147ను మూడుతో హెచ్చించినంత, అంటే సుమారు 440. ప్రపంచంలో చాలా ఆర్కెస్ట్రాలు శ్రుతి చేసుకునే స్వరం దగ్గరికి చేరుతుంది. రెట్టింపు అయిన 294 దగ్గర అది ఆగదు.

కారణం ఇది. వేణువు గొట్టానికి గాలి లెక్కలో రెండు కొసలూ తెరిచే ఉంటాయి. క్లారినెట్‌కు రీడ్ వైపు కొస మూసినట్టే లెక్క. ఒక వైపు మూసి, ఒకే వెడల్పున్న గొట్టంలో గాలి 1, 3, 5 అనే బేసి రెట్లలోనే బలంగా కంపిస్తుంది. సరి రెట్లు, ముఖ్యంగా అడుగు స్వరాల్లో, బాగా బలహీనపడతాయి. మూసిన గొట్టానికి ఇంకో గుణం కూడా ఉంది, దాని అట్టడుగు స్వరం చాలా కిందికి దిగుతుంది. ఆర్కెస్ట్రా ఫ్లూట్, బి ఫ్లాట్ క్లారినెట్ రెండూ సుమారు 66 సెంటీమీటర్ల పొడవే. ఫ్లూట్ అట్టడుగు స్వరం సుమారు 262 కంపనాలు, క్లారినెట్‌ది 147. అంత చిన్న గొట్టంలోంచి అంత లోతు రావడానికి కారణం ఈ మూసిన కొసే.

సన్నాయి, సాక్సాఫోన్‌లలోనూ రీడ్ వైపు మూసినట్టే కదా, మరి వాటికి ఈ గుణం ఎందుకు లేదని అడగొచ్చు. వాటి గొట్టం వెడల్పవుతూ పోతుంది కాబట్టి సరి రెట్లు కూడా పలుకుతాయి.

ఈ లోతుకు వాయించేవాడు కష్టంతో మూల్యం చెల్లించాలి. వేణువులో ఒక స్థాయిలోని 12 స్వరస్థానాలకు వేళ్లు అమర్చుకుంటే చాలు. క్లారినెట్‌లో అట్టడుగు స్వరానికీ, కీ నొక్కితే వచ్చే స్వరానికీ మధ్య 19 అర మెట్లున్నాయి (అర మెట్టు అంటే పక్కపక్క స్వరస్థానాల మధ్య దూరం). వాటన్నిటికీ వేరువేరు రంధ్రాలు, కీలు కావాలి. అందుకే ఆ గొట్టం ఒంటి నిండా అంత వెండిరంగు యంత్రం.

ఒక వాయిద్యంలో మూడు గొంతులు

ఈ అమరిక వల్ల క్లారినెట్ మూడు ముక్కలుగా పలుకుతుంది. అడుగు భాగాన్ని పాత వాయిద్యం పేరుతోనే షాలుమో అంటారు. అది నల్లగా, బోలుగా, కొంచెం భయపెట్టేలా ఉంటుంది. బొటనవేలి కీ నొక్కాక వచ్చేది క్లారియన్, అది నిగనిగలాడే నిండు గొంతు. దాని పైన ఆల్టిసిమో, గుచ్చుకునేంత పదును.

షాలుమోకూ క్లారియన్‌కూ మధ్య మూడు నాలుగు నీరసమైన స్వరాలున్నాయి. దాదాపు రంధ్రాలన్నీ తెరిచిపెట్టి వాయించాలి కాబట్టి గొట్టం పొట్టిదైపోయి, గాలికి ఊతం దొరకదు. వాటి పై స్వరానికి వెళ్లాలంటే ఒక్కసారిగా వేళ్లన్నీ మూయాలి. వాయించేవాళ్లు దీన్ని బ్రేక్ అంటారు. నేర్చుకునే పిల్లలకు మొదటి ఏడాదంతా టెన్షన్ ఈ ఒక్క చోటే.

క్లాసికల్ శిక్షణలో పెద్ద భాగం ఈ బ్రేక్ వినపడకుండా చేయడానికే పోతుంది. అడుగు నుంచి పై వరకు స్వరం రంగు మారకూడదు, అతుకు కనపడకూడదు. పారిస్‌లో క్లోజే, బ్యూఫే కలిసి 1839 ప్రాంతంలో కొత్త కీల అమరిక తయారుచేశారు. బోమ్ పద్ధతి అని పిలిచే ఆ అమరిక ఉద్దేశాల్లో ఇదొకటి. జర్మనీ, ఆస్ట్రియాల్లో ఇప్పటికీ వేరే అమరికే వాడతారు, దాని గొంతు కొంచెం ముదురుగా ఉంటుందని అక్కడివాళ్లు గట్టిగా నమ్ముతారు.

పాటల పేర్లలో కనిపించే ఎ క్లారినెట్, బి ఫ్లాట్ క్లారినెట్ అన్న మాటలు వేరువేరు శ్రుతులకు చేసిన గొట్టాల పేర్లు మాత్రమే. ఎ గొట్టం అర మెట్టు కిందిది, కాస్త పొడవైనది. మోజార్ట్ ఎంచుకున్నది దాన్నే.

మోజార్ట్ రాసిన ప్రతి ఎటు పోయింది?

క్లాసికల్ వైపు అందరూ ముందుగా చెప్పేది మోజార్ట్ క్లారినెట్ కచేర్టో, కె. 622. కచేర్టో అంటే ఆర్కెస్ట్రా తోడుగా ఒక వాయిద్యం ప్రధానంగా నడిచే కృతి, కె. 622 మోజార్ట్ కృతుల పట్టికలో దాని నంబరు. నేనూ అదే చెబుతాను. 1791లో, ఆయన చనిపోవడానికి రెండు నెలల ముందు పూర్తయింది. రాసింది వియన్నాలోని తన స్నేహితుడు ఆంటన్ స్టాడ్లర్ కోసం. ఆర్కెస్ట్రాలో ఓబోలు లేవు, ట్రంపెట్లు లేవు, డ్రమ్ములు లేవు. రెండు ఫ్లూట్లు, రెండు బసూన్లు, రెండు హార్న్‌లు, మిగతావన్నీ తంత్రీ వాద్యాలు. క్లారినెట్ మీదికి ఎవరూ గొంతు పెంచకుండా చేసుకున్న ఏర్పాటు అది.

రెండో భాగమైన అడాజియో ఏడు నిమిషాలకు అటూఇటూ సాగుతుంది. క్లారినెట్ ఒక్కటే రాగాన్ని ఎత్తుకుంటుంది, కింద తంత్రులు మెల్లగా నడుస్తుంటాయి. ఆ తర్వాత అదే రాగాన్ని ఆర్కెస్ట్రా అంతా నిండుగా పాడుతుంది. మధ్య భాగంలో ఒక చోట క్లారినెట్ క్లారియన్ గొంతులోంచి షాలుమోలోకి ఒకే ఊపిరిలో దిగిపోతుంది. పై స్వరంలో మాట్లాడింది, కింది స్వరంలో జవాబు చెప్పింది ఇద్దరు మనుషులని అనిపిస్తుంది. అయినా అతుకు దొరకదు. క్లాసికల్ సంప్రదాయం దేనికోసం పాకులాడిందో ఆ దిగుడులో దొరుకుతుంది.

అయితే మనం సాధారణంగా వినేది మోజార్ట్ రాసినది రాసినట్టు కాదు. స్టాడ్లర్ దగ్గర మామూలు క్లారినెట్ కంటే నాలుగు అర మెట్లు ఎక్కువ కిందికి దిగే వాయిద్యం ఉండేది, ఇప్పుడు దాన్ని బాసెట్ క్లారినెట్ అంటున్నారు. మోజార్ట్ సొంత చేతిరాత ప్రతి దొరకలేదు. ఆయన భార్య కాన్‌స్టాంజ్ 1800లో ఒక ప్రచురణకర్తకు రాసిన ఉత్తరంలో స్టాడ్లర్ దగ్గరి ప్రతుల ప్రస్తావన ఉంది. పెట్టె దొంగలెత్తుకెళ్లారని ఆయన అంటున్నాడనీ, తాకట్టు పెట్టాడని వేరేవాళ్లు అంటున్నారనీ రాసింది. కచేర్టో 1801 ప్రాంతంలో అచ్చయ్యేసరికి ఎవరో అట్టడుగు స్వరాలను మామూలు క్లారినెట్‌కు అందేలా పైకి మార్చేశారు. ఇలా మార్చారని 1802లోనే లైప్‌జిగ్ సంగీత పత్రికలో ఒక సమీక్షకుడు ఎత్తిచూపాడు. మిగిలింది మొదటి భాగానికి ముందు రూపమైన 199 తాళపు గడుల (బార్ల) చిత్తుప్రతి ఒక్కటే, అది కూడా బాసెట్ హార్న్ అనే వేరే వాయిద్యానికి రాసినది.

దీంతో ఇప్పుడు రెండు రకాల రికార్డింగులున్నాయి. కొందరు బాసెట్ క్లారినెట్ మళ్లీ చేయించుకుని, పోయిన అడుగు స్వరాలను ఊహించి వాయిస్తారు. మోజార్ట్ ఆ లోతు కోసమే రాశాడని వాళ్ల వాదన. ఆధారం లేని చోట ఊహించడం కంటే, రెండు శతాబ్దాలుగా లోకం విన్న రూపమే నిజమైన కృతి అయిపోయిందని ఇంకొందరు అంటారు. రెండిట్లోనూ పస ఉంది. నా చెవికి మాత్రం బాసెట్ రూపమే నచ్చుతుంది. మామూలు రూపంలో కిందికి దిగుతూ దిగుతూ హఠాత్తుగా పైకి మడిచేసిన వరుసలు కొన్ని ఉన్నాయి. బాసెట్ గొట్టంలో అవి పూర్తిగా దిగి ఆగుతాయి.

బ్రామ్స్ విశ్రాంతి, మెసియాన్ చెర

వేబర్ 1811లో హైన్‌రిష్ బేర్మన్ కోసం రాసిన రెండు కచేర్టోలు ఒపెరా గాయకుల విన్యాసాలను క్లారినెట్‌లోకి తెచ్చాయి. వేగం, జోరు ఇష్టపడేవాళ్లు అక్కడ మొదలుపెడతారు.

బ్రామ్స్ సంగతి వేరు. ఇక రాయడం చాలించానని ఆయన అనుకున్న దశలో మైనింగెన్ ఆస్థాన వాద్యబృందంలోని రిచర్డ్ ముల్‌ఫెల్ట్ వాయిద్యం విన్నాడు. మళ్లీ కలం పట్టి 1891లో ఒక ట్రయో (మూడు వాయిద్యాలకు), ఒక క్వింటెట్ (ఐదు వాయిద్యాలకు) రాశాడు, 1894లో క్లారినెట్, పియానోలకు రెండు సొనాటాలు. ముల్‌ఫెల్ట్ మొదట వయొలిన్ వాద్యకారుడు, క్లారినెట్ సొంతంగా నేర్చుకున్నవాడు. క్వింటెట్‌లో క్లారినెట్ నాలుగు తంత్రీ వాద్యాల్లో కలిసిపోతుంది, చాలాచోట్ల ఏది ఎక్కడ మొదలైందో పట్టుకోవడం కష్టం. నెమ్మదిగా సాగే రెండో భాగంలో మాత్రం ఒక్కసారి కట్టు తెంచుకుని, హంగరీ జిప్సీ బాణీలో ఆలాపనలా ఎగసిపడుతుంది. మన ఆలాపన అలవాటున్న చెవికి బ్రామ్స్ మొత్తంలో ఇంత దగ్గరగా వచ్చే చోటు ఇంకోటి లేదనిపిస్తుంది.

తర్వాత మెసియాన్. రెండో ప్రపంచ యుద్ధంలో జర్మన్లకు చిక్కిన ఈ ఫ్రెంచ్ స్వరకర్త గోర్లిట్జ్ యుద్ధఖైదీల శిబిరంలో ఉన్నప్పుడు కాలాంతం గురించి ఒక క్వార్టెట్ (నాలుగు వాయిద్యాల కృతి) పూర్తిచేశాడు. 1941 జనవరి 15న తోటి ఖైదీలతో కలిసి అక్కడే వాయించాడు. అందులో మూడో భాగం ఒంటరి క్లారినెట్ కోసమే. అందులో ఒకే స్వరాన్ని దాదాపు వినపడని నిశ్శబ్దం నుంచి చెవులు గింగురుమనేదాకా ఒక్క ఊపిరిలో పెంచే చోట్లున్నాయి. శూన్యం నుంచి స్వరాన్ని పుట్టించడం ఊదుడు వాయిద్యాల్లో క్లారినెట్‌కు అబ్బినంతగా వేరేదానికి అబ్బదు. ఆ గుణం మీదే ఆ భాగమంతా కట్టాడు.

స్వరం ఊగాలా, నిలవాలా?

క్లాసికల్ క్లారినెట్ విన్న కొత్తవాళ్లకు ఒక వెలితి తోస్తుంది. వయొలిన్, ఫ్లూట్ స్వరాన్ని సన్నగా ఊపుతాయి, దీన్ని వైబ్రాటో అంటారు. క్లారినెట్ వాళ్లు ఎక్కువమంది ఊపరు. క్లారినెట్ అందం ఆ నిలకడలోనే ఉందనీ, ఊపితే బేసి రెట్ల ఆ బోలు రంగు చెదిరిపోతుందనీ వాళ్ల అభిప్రాయం. ఇంగ్లండ్‌కు చెందిన రెజినాల్డ్ కెల్ 20వ శతాబ్దం మధ్యలో దీన్ని కాదన్నాడు. పాడేవాళ్ల గొంతు ఊగుతున్నప్పుడు క్లారినెట్ ఎందుకు ఊగకూడదని క్లాసికల్ కృతులను వైబ్రాటోతో వాయించాడు. మెచ్చుకున్నవాళ్లూ ఉన్నారు, మండిపడ్డవాళ్లూ ఉన్నారు. జాజ్‌లో ఈ ప్రశ్నే రాలేదు. న్యూ ఆర్లీన్స్‌కు చెందిన సిడ్నీ బెషే వైబ్రాటో ఎంత వెడల్పంటే, కళ్లు మూసుకుని విన్నా రెండు క్షణాల్లో ఆయన్ని గుర్తుపట్టొచ్చు. 1944లో ఆయన వాయించిన 'బ్లూ హొరైజన్' నింపాదిగా నడిచే బ్లూస్. ఒక్కో స్వరాన్ని కింది నుంచి జారుస్తూ తెచ్చి, పైన పట్టుకుని ఊపుతాడు.

వీధి బ్యాండ్ నుంచి జాజ్‌కు

న్యూ ఆర్లీన్స్ జాజ్‌కూ మన బరాత్ మేళానికీ ఒక చుట్టరికం ఉంది. రెండింటి వెనకా యూరప్ సైనిక బ్యాండ్లే ఉన్నాయి. అక్కడ ఊరేగింపులకూ, అంత్యక్రియలకూ వీధుల్లో నడిచిన బ్యాండ్లలోంచి జాజ్ పుట్టింది. ఇక్కడ పల్టన్ బ్యాండ్ల వాయిద్యాలే పెళ్లి ఊరేగింపులకు వచ్చాయి. ఆరుబయట ఇత్తడి వాయిద్యాల మధ్య వినపడాలంటే క్లారినెట్ పైకి, ఇంకా పైకి వెళ్లాల్సిందే. అందుకే తొలినాటి జాజ్‌లో ముగ్గురి పని ఇలా పంచుకున్నారు. కార్నెట్ లేదా ట్రంపెట్ అసలు పాట వాయిస్తుంది. ట్రాంబోన్ కింద ఊతమిస్తుంది. క్లారినెట్ పైన ఆ పాట చుట్టూ తీగలా అల్లుకుంటుంది. లూయీ ఆర్మ్‌స్ట్రాంగ్ 1920ల రికార్డుల్లో జానీ డాడ్స్ చేసే పని అదే. ఆ గొంతులో గరుకు ఉంటుంది, దాన్ని నున్నగా చేయాలని ఆయన చూడలేదు.

ఈ పంపకం తెలిస్తేనే డ్యూక్ ఎలింగ్టన్ 1930లో 'మూడ్ ఇండిగో'లో చేసింది అర్థమవుతుంది. వాయిద్యాలు అవే మూడు. కానీ ట్రంపెట్‌కూ ట్రాంబోన్‌కూ మూత బిగించి పై వరుసల్లో మెత్తగా పలికించి, క్లారినెట్‌ను అట్టడుగుకు, షాలుమో గొంతులోకి దింపాడు. ఎప్పుడూ పైన ఎగిరేది నేలమాళిగలో నిలబడింది. బార్నీ బిగార్డ్ వాయించిన ఆ అడుగు స్వరాల వల్ల మొత్తం పాటకు వచ్చిన రంగును మాటల్లో చెప్పడం కష్టం. మొదటి ముప్పై సెకన్లు హెడ్‌ఫోన్ పెట్టుకుని అట్టడుగు వరుసను మాత్రమే పట్టుకుని వింటే తెలుస్తుంది. గొంతులను కలపకుండా, ఒక గొంతును దాని చోటు నుంచి కదిలించి కొత్త అర్థం తేవడం జాజ్ పద్ధతి.

ఆ జారుడు ఎక్కడిది?

అమెరికా స్వరకర్త జార్జ్ గెర్ష్విన్ 'రాప్సొడీ ఇన్ బ్లూ' మొదలయ్యే కేక చాలామందికి తెలుసు. 1924 ఫిబ్రవరి 12న న్యూయార్క్ ఏయోలియన్ హాల్లో మొదటిసారి వినిపించింది. కాగితం మీద ఉన్నది ఒక కంపిత స్వరం, దాని వెంట 17 స్వరాల మెట్లు. పాల్ వైట్‌మన్ బృందంలోని రాస్ గోర్మన్ రిహార్సల్‌లో సరదాగా ఆ మెట్లను కలిపి ఒకే జారుడుగా వాయించాడు. గెర్ష్విన్‌కు నచ్చి అలాగే ఉంచమన్నాడు.

మెట్లున్న గొట్టంలో జారుడు ఎలా సాధ్యమని అనుమానం రావాలి. క్లారినెట్‌లో వేళ్లు నేరుగా మూసే రంధ్రాలు ఏడున్నాయి, వేలిని టక్కున ఎత్తకుండా పక్కకు జరుపుతూ తెరవచ్చు. దానికి తోడు నాలుకను, గొంతు లోపలి ఖాళీని మార్చి స్వరాన్ని కిందికి లాగి పట్టొచ్చు. పై స్వరాల్లో ఇది బాగా పనిచేస్తుంది, బ్రేక్ కింద కష్టం. కాబట్టి చాలామంది మొదటి సగం మెట్లుగానే ఎక్కి, బ్రేక్ దాటాక జారుతారు. జాగ్రత్తగా వింటే ఆ మార్పు పట్టుబడుతుంది. కర్ణాటక సంగీతంలో జారు గమకం తెలిసిన చెవికి మరీ తేలిక.

ఇది జాజ్ అవునా కాదా అన్న గొడవ ఇంకా తెగలేదు. రాసిపెట్టిన సంగీతం కాబట్టి కాదనేవాళ్లున్నారు. ఆ మొదటి కేక వాయించేవాడి సొంత కల్పన కాబట్టి కనీసం అదొక్కటైనా జాజేనని అనేవాళ్లున్నారు. నేను రెండో మాటకే మొగ్గుతాను.

గుడ్‌మన్ రెండు పడవల ప్రయాణం

బెన్నీ గుడ్‌మన్ షికాగోలో పేద యూదు వలస కుటుంబంలో 1909లో పుట్టాడు. చిన్నప్పుడే ఫ్రాంజ్ షోప్ అనే క్లాసికల్ గురువు దగ్గర నేర్చుకున్నాడు. 1938 జనవరి 16న న్యూయార్క్ కార్నెగీ హాల్లో తన స్వింగ్ (ఆ రోజుల నృత్య జాజ్) బృందంతో కచేరీ చేశాడు. అప్పటివరకు ఆ వేదికను క్లాసికల్ సంగీతానికే తగినదని అనుకునేవాళ్లు. నల్లజాతి, తెల్లజాతి వాద్యకారులు ఒకే వేదిక మీద కూర్చోవడం అరుదైన ఆ రోజుల్లో టెడ్డీ విల్సన్, లయొనెల్ హాంప్టన్ ఆయన పక్కన వాయించారు. ఆ రాత్రి 'సింగ్ సింగ్ సింగ్' పన్నెండు నిమిషాలకు పైగా నడిచింది. అదే ఏడాది ఆర్టీ షా 'బిగిన్ ది బిగైన్' విడుదలై దేశమంతా మోగింది. గుడ్‌మన్‌ది కొరడా దెబ్బ లాంటి లయ, షాది పొడవుగా సాగే రాగవరుస. ఎవరు గొప్ప అన్న వాదన అప్పుడే మొదలై ఇప్పటికీ ఆగలేదు. షా 1954లో క్లారినెట్ పూర్తిగా వదిలేశాడు.

అదే 1938లో గుడ్‌మన్ నలుగురు తంత్రీ వాద్యకారుల బృందమైన బుడాపెస్ట్ క్వార్టెట్‌తో మోజార్ట్ క్వింటెట్ రికార్డు చేశాడు. ఒక మనిషి రెండు సంప్రదాయాలనూ న్యాయంగా వాయించగలడా అన్న ప్రశ్నకు ఇదే మంచి ఉదాహరణ. ఆయన మోజార్ట్ శుభ్రంగా ఉంది, కానీ మరీ జాగ్రత్తపడ్డాడనీ, జాజ్‌లో ఉండే ప్రాణం అందులో లేదనీ కొందరి మాట. ఆ సంకోచాన్నే నిజమైన వినయంగా విన్నవాళ్లూ ఉన్నారు. ఆయన స్వయంగా తృప్తి పడలేదని తర్వాతి పని చెబుతుంది. 1940ల చివర్లో, పేరు ప్రఖ్యాతులన్నీ వచ్చాక, అదే రెజినాల్డ్ కెల్ దగ్గర విద్యార్థిగా చేరాడు. పై పళ్లను మౌత్‌పీస్ మీద ఆనించే పాత అలవాటు మానుకుని, పై పెదవిని కూడా మడిచి పట్టే పద్ధతి నేర్చుకున్నాడు. ముప్పై ఏళ్ల నోటి అలవాటును మార్చుకోవడం ఎంత కష్టమో ఏ సన్నాయి విద్వాంసుణ్ని అడిగినా చెబుతాడు.

క్లాసికల్ స్వరకర్తలతో కొత్త కృతులు రాయించింది కూడా ఆయనే. బార్టోక్ 1938లో 'కాంట్రాస్ట్స్' రాశాడు. ఆరన్ కోప్లాండ్ కచేర్టో 1948లో పూర్తయి 1950లో మొదటిసారి వినిపించింది. దాని మొదటి సగం హార్ప్, తంత్రుల మీద పొడవుగా, నిశ్చలంగా సాగే రాగవరుస, మోజార్ట్ వారసత్వం. క్లారినెట్ ఒంటరిగా వాయించే కాడెంజా దాటాక రెండో సగం జాజ్ లయల్లోకి దూకి, చివరికి గెర్ష్విన్ తరహా జారుడుతో ముగుస్తుంది. అతుకులేని గొంతూ, జారే గొంతూ ఒకే పదిహేడు నిమిషాల్లో. రెండు జాబితాలనూ ఒకే చోట వినాలనుకునేవాళ్లకు నేను ముందు చెప్పే పేరు ఇదే.

సాక్సాఫోన్ చేతిలో ఓడిందా?

1940ల మధ్య నుంచి జాజ్‌లో క్లారినెట్ వెనకబడింది. ఎందుకన్నదాని మీద మూడు వాదనలున్నాయి. బీబాప్ అనే కొత్త శైలిలో స్వరాలు మెరుపువేగంతో అన్ని స్థాయిల్లో పరిగెత్తాలి. సాక్సాఫోన్‌లో స్థాయి మారినా వేళ్లు మారవు, క్లారినెట్‌లో ప్రతిసారీ బ్రేక్ దాటాలి. ఇది మొదటి వాదన. డ్రమ్ముల జోరు పెరిగాక క్లారినెట్ మధ్యగొంతు వినపడలేదన్నది రెండోది. స్వింగ్ బృందాలతో మరీ ముడిపడిపోయి, ఆ బృందాలు కూలగానే పాతకాలపు వాయిద్యమన్న ముద్ర పడిందన్నది మూడోది. బడీ డిఫ్రాంకో ఏ తడబాటూ లేకుండా క్లారినెట్ మీద బీబాప్ వాయించాడు కాబట్టి, మొదటి వాదన ఒక్కటే సరిపోదు. మూడోదే బలమైనదని నా నమ్మకం. ఎరిక్ డాల్ఫీ 1961లో బాస్ క్లారినెట్ ఒక్కటే పట్టుకుని 'గాడ్ బ్లెస్ ది చైల్డ్' వాయించిన రికార్డింగ్ వింటే, జనం ఆ వాయిద్యాన్ని వదిలేశారు గానీ అందులో సరుకు అయిపోలేదని తెలుస్తుంది. ఇప్పుడు ఆనత్ కోహెన్ లాంటివాళ్లు దాన్ని మళ్లీ ముందువరుసలో కూర్చోబెడుతున్నారు.

మన ఎండలో, మన గమకంలో

దక్షిణాదిలో ఈ వాయిద్యానికి మూడో దారి కూడా ఉంది. తంజావూరు ప్రాంతపు నాట్యమేళాల్లో 19వ శతాబ్దంలోనే క్లారినెట్ చేరింది. తిరుచ్చికి చెందిన ఏ.కె.సి. నటరాజన్ దాన్ని కర్ణాటక కచేరీ వేదిక మీద ప్రధాన వాయిద్యంగా నిలబెట్టాడు, 2008లో సంగీత కళానిధి బిరుదు అందుకున్నాడు. వైట్‌మన్ బృందంలో సరదాగా పుట్టిన జారుడు ఇక్కడ రాగానికి ప్రాణం. తోడిలో గాంధారాన్ని ఊపకుండా నిటారుగా నిలిపితే రాగమే పోతుంది. అతుకులేని గొంతు కావాలన్న క్లాసికల్ పట్టుదల, స్వరాన్ని వంచాలన్న జాజ్ కోరిక రెండూ అందులో ఒకేసారి కావాలి.

మన దగ్గర ప్రత్యక్షంగా వినేదానికీ రికార్డింగ్‌కూ ఇంకో తేడా ఉంది. వేడిగాలిలో శబ్దం వేగంగా పోతుంది, దాంతో గొట్టం శ్రుతి పెరుగుతుంది. లెక్క ప్రకారం 20 డిగ్రీల దగ్గర 440 పలికే గొట్టం 40 డిగ్రీల దగ్గర 455 దాకా పోవాలి, అంటే అర మెట్టులో సగానికి పైగా. ఊపిరి వెచ్చదనం లోపలి గాలిని ఎప్పుడూ ఒక మాదిరి వేడిలో ఉంచుతుంది కాబట్టి నిజంగా పెరిగేది అంతకంటే తక్కువే, అయినా చెవికి తెలిసేంత ఉంటుంది. కీబోర్డ్ శ్రుతి ఎండకు మారదు. మేలో పగటి బరాత్‌లో ఈ రెండూ కలిసి వాయిస్తే ఎబ్బెట్టుగా ఉండేది అందుకే. మౌత్‌పీస్ కిందుండే బ్యారెల్ అనే ముక్కను ఒకటి రెండు మిల్లీమీటర్లు బయటికి లాగి గొట్టం పొడవు పెంచితే శ్రుతి దిగుతుంది. మంచి క్లారినెట్లు రోజ్‌వుడ్ జాతికే చెందిన ఆఫ్రికా బ్లాక్‌వుడ్‌తో చేస్తారు. పొడి ఎండకు ఆ కర్ర పగలొచ్చు. ఆరుబయట వాయించేవాళ్లకు ప్లాస్టిక్ క్లారినెట్టే నయం, గొట్టం లోపలి కొలతలు సరిగ్గా ఉంటే దాని స్వరం జనం అనుకున్నంత తీసికట్టుగా ఏమీ ఉండదు.